కలుపు పీకి వచ్చిన విద్యార్థులు ఏం రాయాలి?

ప్రశ్న: నేను ఒక కళాశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఈ విద్యాసంవత్సరంలో మా విద్యార్థులను కొన్ని వారాంతాల పాటు, చిత్తడి నేలల మధ్య ఉన్న ఒక వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి స్వచ్ఛంద సేవ కోసం తీసుకువెళ్లాను. కలుపు మొక్కలు పీకడం, నీటి అంచున పేరుకున్న చెత్త ఏరడం, నీటిపక్షుల లెక్కింపులో సిబ్బందికి సాయపడటం, గాయపడిన పక్షులకు చికిత్స చేసే విభాగంలో పళ్లేలూ పెట్టెలూ కడగడం మా వాళ్లు చేసిన పనులు. చివర్లో అందరినీ తమ అనుభవం మీద రెండు పేజీల వ్యాసం రాయమన్నాను. దానికి మార్కులు కూడా ఉన్నాయి. వచ్చిన వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి: ప్రకృతి ఒడిలో గడిపాం, ఓపిక నేర్చుకున్నాం, జీవితాన్నే మార్చేసిన అనుభవం. ఒక అబ్బాయి మాత్రం, "కప్ప తప్ప మరే ప్రాణినీ దగ్గరగా చూడలేదు. రోజంతా కలుపు పీకాం. మూడు నెలల్లో మళ్లీ మొలుస్తుందని అక్కడి ఉద్యోగే చెప్పారు. ఆయన తన పని మానుకుని మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నారు. మేము వెళ్లింది జంతువుల కోసం కాదు, మా కోసమేననిపిస్తోంది" అని రాశాడు. చికిత్స విభాగంలో పనిచేసిన ఒక అమ్మాయి ఖాళీ కాగితం ఇచ్చింది. ఆమె ఉన్న రోజునే అక్కడ ఒక పక్షి చనిపోయిందని తర్వాత తెలిసింది. త్వరలో కేంద్రం వారికి కృతజ్ఞతలు తెలిపే సభ ఉంది, అక్కడ కొన్ని వ్యాసాలు చదివించాలి. ఆ అబ్బాయికి ఎన్ని మార్కులు వేయాలి? ఆ అమ్మాయి విషయంలో ఏం చేయాలి? మిగిలిన వారితో మనస్ఫూర్తిగా ఎలా రాయించాలి? వచ్చే ఏడాది మళ్లీ తీసుకువెళ్లడం మంచిదేనా?
— ఒక అధ్యాపకురాలు

జవాబు: మీరు అడిగిన వాటిలో మార్కుల సంగతి అన్నిటికన్నా చిన్నదే అయినా మిగిలిన ప్రశ్నలన్నీ దానికే ముడిపడి ఉన్నాయి కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, తరగతి మొత్తంలో మీరు అడిగిన పనిని నిజంగా చేసింది ఆ అబ్బాయే. అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1910లో ఆలోచించే తీరు గురించి రాస్తూ, మనిషి ఆలోచన మొదలుపెట్టేది ఏదో ఒక చిక్కో సందేహమో ఎదురైనప్పుడేనని వాదించాడు. అంతా సాఫీగా సాగుతున్నంతసేపూ అలవాటే మనల్ని నడిపించుకుపోతుంది, ఆలోచించవలసిన అవసరం రాదు. మీ అబ్బాయికి చిక్కు ఎదురైంది. చేసిన పని వల్ల ఎవరికి ఉపయోగం అన్న సందేహం అతన్ని పట్టుకుంది, దాన్ని దాచకుండా మార్కులు వేసే వ్యక్తి చేతికే ఇచ్చాడు. అది చేదుగా ఉందని తక్కువ మార్కులు వేస్తే, వచ్చే ఏడాది విద్యార్థులందరికీ ఏం రాయకూడదో మీరే నేర్పినట్టు అవుతుంది. అలాగని ధైర్యంగా రాశాడన్న ఒక్క కారణంతో పూర్తి మార్కులు వేసి పక్కన పెట్టేయడమూ సరికాదు. అతను ఆలోచనను మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. అతను చెప్పిన మాటలు మూడూ తేల్చుకోదగినవి, తేల్చుకోవడానికి అవసరమైన సమాచారం అందుబాటులోనే ఉంది. కాగితాన్ని తిరిగి ఇచ్చి, నువ్వు అన్నది నిజమో కాదో కనుక్కుని ఇంకో పేజీ రాయి అని అడగండి.

మొదటిది కలుపు మాట. మూడు నెలల్లో మళ్లీ మొలుస్తుందని ఉద్యోగి చెప్పిన మాట నిజమే అయి ఉంటుంది; కానీ అది సగం మాటే. చాలా కలుపు జాతులకు నేలలో విత్తనాల నిల్వ ఉంటుంది, అవి ఒక్కసారిగా మొలవకుండా కొన్నేళ్లపాటు విడతలు విడతలుగా మొలుస్తాయి. మరికొన్నింటికి తెగిన వేరుముక్క మట్టిలో మిగిలినా చాలు, అందులోంచే కొత్త మొక్క లేస్తుంది. అందువల్ల ఒక్కసారి పీకినంత మాత్రాన కలుపు పోదు. పువ్వు గింజకు తిరగకముందే పీకడం, అదే చోట మళ్లీ మళ్లీ పీకడం, తీసిన చోట స్థానిక మొక్కలు నిలదొక్కుకునేలా చూడటం, ఈ మూడూ కలిస్తేనే నేలలోని నిల్వ ఏటికేడు తరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న మిడ్‌వే దీవులలోని జాతీయ వన్యప్రాణి ఆశ్రయంలో ఇదే జరిగింది. ఆల్బట్రాస్ అనే సముద్రపక్షుల స్థావరాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అక్కడ ఉంది. ఆ పక్షులు నేల మీదనే గూడు కడతాయి. బయటినుంచి వచ్చిన వెర్బెసినా అనే పసుపు పూల మొక్క దట్టమైన పొదలుగా అల్లుకుపోయి గూళ్లకు చోటు లేకుండా చేసింది. సిబ్బంది, వాలంటీర్లు కలిసి ఏళ్ల తరబడి చేతులతో పీకి, అవసరమైన చోట మందు కొట్టి, మళ్లీ మొలిచినదాన్ని మళ్లీ తీసి దాన్ని అదుపులోకి తెచ్చారు. ఆ ఏళ్లలో ఏదో ఒక రోజు మాత్రమే పనిచేసి వెళ్లిన మనిషికి తన శ్రమ వృథా అనిపించి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. కాబట్టి మీ అబ్బాయి అడగవలసిన ప్రశ్న, మళ్లీ మొలుస్తుందా అన్నది కాదు. మేము పీకిన మడిలో తర్వాతి విడత ఎవరు పీకుతారు, ఎప్పుడు, దానికి ఏర్పాటు ఉందా అన్నది. ఏర్పాటు లేదని తేలితే అతని నిరాశ న్యాయమైనదే. అప్పుడు ఆ మాట కేంద్రానికీ మీకూ కూడా తగులుతుంది.

రెండవది, ప్రాణులు కనిపించలేదన్న మాట. దీన్ని అతను ఫిర్యాదుగా రాశాడు, కానీ మంచి సంరక్షణ కేంద్రంలో జరగవలసింది దాదాపు అదే. గుడ్లు పొదిగే పక్షిని మనిషి అలికిడి గూటినుంచి లేపేస్తే, అది తిరిగి వచ్చేలోగా ఎండకు గుడ్డు చెడిపోవచ్చు, లేదా కాకి ఎత్తుకుపోవచ్చు. తరిమి పట్టుకున్న జింకలాంటి జంతువు కొన్నిసార్లు గాయమేమీ లేకుండానే, ఆ భయానికీ పెనుగులాటకూ కండరాలు దెబ్బతిని, రోజుల తరవాత చనిపోతుంది. మనిషి చేతిలో పెరిగిన పిల్ల మనిషినే తన జాతిగా అనుకునే ప్రమాదం ఇంకొకటి. టెక్సస్‌లోని అరాన్సస్ ఆశ్రయంలో శీతాకాలం గడిపే హూపింగ్ క్రేన్ అనే పెద్ద కొంగల సంఖ్య 1940ల మొదట్లో పదిహేను పదహారుకు పడిపోయింది. ఆ జాతిని నిలబెట్టే ప్రయత్నంలో భాగంగా పిల్లలను పెంచినప్పుడు, పెంచేవారు ఒళ్లంతా కప్పే తెల్లని ముసుగు దుస్తులు వేసుకుని, చేతికి కొంగ తలలాంటి బొమ్మ తొడుక్కుని, దానితోనే మేత చూపించేవారు. పిల్లల ముందు ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. అంత దగ్గరగా ఉండి, అంత ప్రేమించి, తమను ఆ పిల్ల గుర్తుపట్టకుండా ఉండటానికి మనుషులు ఎంత శ్రమపడ్డారో చూడండి. మీ విద్యార్థులను దూరం నిలబెట్టినప్పుడు, ముట్టుకోవద్దన్నప్పుడు, ఫొటోల కోసం దగ్గరకు పోవద్దన్నప్పుడు కారణం ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే అది వాళ్లకు ఒట్టి నిషేధంగానే మిగిలిపోతుంది, వ్యాసంలో ఆ సంగతే రాదు. అన్నట్టు, అతను చూసిన కప్ప గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టుకున్నందుకు మాత్రం నేను కొన్ని మార్కులు తగ్గిస్తాను. చిత్తడి నేలలో కప్ప చిన్న విషయం కాదు. పల్చటి తడి చర్మంతో ఊపిరి కూడా పీల్చుకునే ప్రాణి కాబట్టి నీటిలో ఏం కలిసినా ముందు దానికే తెలుస్తుంది. అది ఎక్కడ ఉంది, ఏ వేళ, ఏం చేస్తోంది అన్నవి అతనికి గుర్తున్నాయేమో అడగండి.

మూడవది, ఉద్యోగి సమయం. ఇక్కడ అబ్బాయి చెప్పింది సూటిగా నిజం కావచ్చు, పెద్దవాళ్లు మర్యాద కొద్దీ చెప్పుకోని నిజం. కొత్తవారికి పని చూపించడానికి, ఏది కలుపో ఏది కాదో గుర్తుపట్టించడానికి, ఎండదెబ్బ తగలకుండా, పాము మీద కాలు వేయకుండా చూసుకోవడానికి అనుభవమున్న మనిషి ఒకరు పూర్తిగా కావాలి. ఒక్క రోజుకు వచ్చిపోయే పెద్ద గుంపు వల్ల కేంద్రానికి ఒరిగేదానికన్నా పోయేదే ఎక్కువ కావచ్చు. అయినా కేంద్రాలు ఒప్పుకుంటాయి. వచ్చినవారిలో కొందరైనా రేపు మద్దతుదారులు అవుతారని వాటి ఆశ. ఆ ఆశ తప్పేమీ కాదు. కానీ అలాంటప్పుడు మీరు చేసింది సేవ అని కాక, ఎక్కువ భాగం నేర్చుకోవడమేనని విద్యార్థులకు ముందే చెప్పడం న్యాయం. "మేము వెళ్లింది మా కోసమే" అని అబ్బాయి నింద మోపినట్టు రాసినదాన్ని మీరు ఒప్పుకోలుగా తీసుకుంటే అతనితో మీ సంభాషణ చాలా తేలికవుతుంది.

ఇక మిగిలినవారు. వాళ్లు బద్ధకస్తులనో కపటులనో అనుకోవద్దు. అంతా అయిపోయాక, ఇంటి దగ్గర కూర్చుని, మార్కుల కోసం, "నీ అనుభవం రాయి" అన్న ప్రశ్నకు జవాబు రాయమంటే ఎవరైనా అలాగే రాస్తారు. అప్పటికి చేతికంటిన మట్టి పోయింది, వేలికి దిగిన ముల్లు మానింది, మిగిలింది గోడపత్రికల్లో చదివిన మాటలు. పైగా ఏడాది పొడవునా వాళ్లు పరీక్షల్లో నేర్చుకున్న విద్య, అడిగినవారు ఏం కోరుకుంటున్నారో పసిగట్టి అదే రాయడం. మీరు ఏం కోరుకుంటున్నారో వాళ్లు సరిగ్గానే పసిగట్టారు.

ఇలాంటి వ్యాసాలకు కొన్ని విద్యాసంస్థల్లో అచ్చు వేసిన ఫారాలు ఇస్తారు. 1988లో గ్రాహమ్ గిబ్స్ ప్రతిపాదించిన ఆరు మెట్ల చక్రం వాటికి మూలం: ఏం జరిగింది, ఏమనిపించింది, మంచిచెడులేమిటి, ఎందుకలా జరిగింది, ఏం తేలింది, ఇకమీదట ఏం చేస్తావు. ఆలోచన ఒక వరుసలో నడవడానికి అది మంచి ఊతమే. కానీ ఆరు గడులు గీసి ఇస్తే ఆరు వాక్యాలు వస్తాయి, అందులోనూ "ఏమనిపించింది" అన్న గడిలో అందరికీ ఆనందమే అనిపిస్తుంది. మొదటి మెట్టు మీద, అంటే ఏం జరిగిందన్న దగ్గర, వీలైనంత ఎక్కువసేపు నిలబెట్టి ఉంచడమే నా దృష్టిలో ఉపాధ్యాయులు చేయవలసిన పని. అక్కడ తగినంత సరుకు దొరికితే తక్కిన మెట్లు వాళ్లంతట వాళ్లే ఎక్కుతారు, దొరక్కపోతే మీరు ఎంత తోసినా ఎక్కరు.

దీనికి మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి విద్యార్థి జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ ఉండాలి. తడి చేతులతో పెన్ను రాయదు. పని ముగిశాక బస్సు ఎక్కేలోపు, అక్కడే కూర్చుని, పావుగంట సేపు ఎవరితోనూ మాట్లాడకుండా రాయాలి. అందులో అభిప్రాయాలు వద్దు, చూసినవీ చేసినవీ మాత్రమే ఉండాలి. ఉదాహరణకు మీరు వెళ్లిన కేంద్రంలో కూడా ప్రవేశం దగ్గర చెప్పుల అడుగున ఉన్న మట్టిని బ్రష్షుతో దులిపించే ఉంటారు. చాలా చోట్ల ఇది తప్పనిసరి. ఆ పని చేస్తున్నప్పుడు బూటు అడుగు గాళ్లలోంచి రాలిన మట్టిపెళ్లను ఒక విద్యార్థి అరచేతిలోకి తీసుకుని చూశాడనుకోండి: అందులో ఆవగింజ కన్నా చిన్నవైన విత్తనాలు రెండు మూడు, ఎండిన గడ్డిపోచ, మేజోడు అంచుకు పట్టుకున్న కొక్కేల కాయ ఒకటి ఉంటాయి. ఆ విత్తనాలు ఎక్కడివి? పోయిన వారం ఆడిన మైదానానివా, ఇంటి పక్క ఖాళీ స్థలానివా? నిన్న పీకిన కలుపు ఈ కేంద్రంలోకి మొదట ఇలాగే వచ్చిందా? ఆ మట్టి తడిలోనే కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం కూడా ఒక నీటిగుంట నుంచి మరో గుంటకు ప్రయాణం చేయగలదని తెలిస్తే, చెప్పులు దులపడం ఎందుకో ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఒక్క చెప్పు అడుగు మీద రెండు పేజీలు రాయవచ్చు, ఆ రెండు పేజీలు మరొకరి వ్యాసంలా ఉండే అవకాశం లేదు.

నీటి అంచున ఏరిన చెత్త విషయంలోనూ ఇంతే. "చాలా చెత్త ఏరాం, బాధ కలిగింది" అన్న వాక్యానికి బదులుగా, ఏరినదాన్ని సంచిలో వేసేముందు నేల మీద పరిచి రకాలుగా విడదీయమనండి. సీసా మూతలు ఒకవైపు, చేపలు పట్టే నైలాన్ దారం ఒకవైపు, పాలిథిన్ కవర్లు ఒకవైపు. నైలాన్ దారం పక్షుల కాళ్లకు చుట్టుకుని రక్తప్రసారం ఆగిపోయేలా బిగుస్తుందని చికిత్స విభాగంలో పనిచేసిన విద్యార్థులకు తెలిసే ఉంటుంది. చెత్త ఏరినవారికి అది తెలియకపోవచ్చు. ఈ రెండు గుంపులనూ ఒక గంట కలిపి కూర్చోబెట్టి మాట్లాడుకోనివ్వండి. ఆ చెత్త నీటితో పాటు పైనుంచి కొట్టుకువచ్చిందా, అక్కడికి వచ్చిన సందర్శకులు పారేసి వెళ్లిందా అన్నది వస్తువులను చూసి చాలావరకు చెప్పవచ్చు, ఆ జవాబును బట్టి ఏరడం ఒక్కటే చాలుతుందా లేదా అన్నదీ తేలుతుంది.

ఇంకొక ప్రశ్న మీ విద్యార్థుల్లో ఎవరికీ తట్టి ఉండదు: ఆ నేల సంరక్షణ కేంద్రం కాకముందు ఏమిటి? అడవి ఎప్పటినుంచో అలాగే ఉందని, కంచె వేసి కాపాడుతున్నారని పిల్లలు అనుకుంటారు. అమెరికాలో డెన్వర్ నగరం పక్కన ఉన్న రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అనే చోట 1942లో సైన్యం రసాయన ఆయుధాల కర్మాగారం కట్టింది, ఆ తర్వాత అదే ప్రాంగణంలో పురుగుమందులు తయారయ్యాయి, నేలా భూగర్భజలమూ విషపూరితమయ్యాయి. మనుషులు మసలని విశాలమైన ఆ ఆవరణలోకి జంతువులు చేరాయి; 1986లో అక్కడ తెల్లతల గద్దలు విడిది చేస్తున్నట్టు గుర్తించారు; 1992లో దాన్ని వన్యప్రాణి ఆశ్రయంగా మార్చడానికి చట్టం చేశారు. ఈ కథలో ఎవరిని మెచ్చుకోవాలో తేల్చడం కష్టం. అలాంటి తేలని ప్రశ్న ఒకటి మీ కేంద్రం చరిత్రలోనూ ఉండవచ్చు. అక్కడ అంతకుముందు ఎవరైనా బతికేవారా, పశువులు మేసేవా, చేపలు పట్టేవారా, ఇప్పుడు వాళ్లెక్కడ అని కనుక్కున్న విద్యార్థి రాసే వ్యాసం ప్రకృతి ఒడిలోకి అంత సులభంగా జారిపోదు.

పక్షుల లెక్కింపు గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మీ వాళ్లలో చాలామంది "ఓపిక నేర్చుకున్నాం" అని రాసింది బహుశా దీని గురించే. లెక్కింపులో ఉన్న అసలు కష్టం ఓపిక కాదు. గుంపు కదులుతూ ఉంటుంది, కొన్ని మునుగుతాయి, కొన్ని రెల్లు వెనక్కి పోతాయి, ఒక గద్ద నీడ పడితే అంతా ఒక్కసారిగా లేచి వేరే చోట దిగుతుంది. పదింటిని కంటితో కొలిచి, అంత ముక్క గుంపులో ఎన్నిసార్లు పడుతుందో అంచనా వేయడమే సాధారణంగా చేసేది. పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరు విద్యార్థుల్లో ఒకరికి 110, మరొకరికి 140 వస్తే ఏది నిజం? సిబ్బంది ఏది రాసుకున్నారు? ఆ తేడాను ఏం చేశారు? శాస్త్రం అంటే కచ్చితత్వమని పాఠ్యపుస్తకాల్లో చదివిన పిల్లలకు, తేడాను దాచకుండా రాసుకోవడం కూడా అందులో భాగమేనని తెలిసే సందర్భం ఇది. జీవశాస్త్రం బోధించే మీకు దీనికన్నా మంచి పాఠం తరగతి గదిలో దొరకదు.

అంత శ్రద్ధగా రాసుకున్న అంకె ఎప్పుడు ఎవరికి పనికివస్తుందో రాసినవారికి తెలియదు. 1956 డిసెంబరులో చాండ్లర్ రాబిన్స్ అనే పక్షి శాస్త్రవేత్త మిడ్‌వేలో ఎన్నో ఆల్బట్రాస్‌ల కాళ్లకు అంకెలు చెక్కిన లోహపు పట్టీలు వేశాడు. వాటిలో ఒక ఆడపక్షి 2002లో మళ్లీ ఆయన చేతికే చిక్కింది. మధ్యలో పట్టీ అరిగిపోయినప్పుడల్లా కొత్తది వేస్తూ వచ్చారు కాబట్టి, పాత రికార్డులను వెనక్కి వెతుక్కుంటూ పోతే గాని అది 1956 నాటి పక్షి అని తెలియలేదు. పట్టీ వేసేనాటికే గుడ్డు పెట్టే వయసు దానిది, అంటే కనీసం 5 ఏళ్లు. విజ్‌డమ్ అని పేరు పెట్టిన ఆ పక్షి 2024 చివర్లో కూడా గుడ్డు పెట్టింది. తెలిసినంతలో అడవి పక్షులన్నిటిలోకీ వయసులో పెద్దది అదే. ఈ కథను "మీ పని కూడా ఏనాటికో గొప్పదవుతుంది" అని పిల్లలను ఓదార్చడానికి చెప్పకండి. ఆ పక్షి వయసు తెలిసింది పట్టీ వేసినందువల్ల మాత్రమే కాదు. వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంకెను, తేదీని సరిగ్గా రాసిపెట్టారు, 46 ఏళ్ల తరవాత ఇంకెవరో ఆ కాగితాలు తిరగేశారు. మీ విద్యార్థులు పీకిన మడికి హద్దులు గుర్తుపెట్టుకున్నారా? ఏ తేదీన, ఎంత మేర, మొక్కలు పూతలో ఉన్నాయా లేవా అన్నది ఎక్కడైనా రాసి ఉందా? రాసి లేకపోతే ఆ అబ్బాయి సందేహానికి జవాబు చెప్పే దారి కూడా లేదు, ఎందుకంటే వచ్చే ఏడాది వెళ్లినా తేడా తెలియదు. జేబులోని నోటుపుస్తకం కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మార్కులు ఎలా వేయాలో ఇప్పుడు చెప్పడం సులువు. పిల్లలకు కలిగిన భావాలకు మార్కులు వేయకండి, సంతోషానికీ వద్దు, విసుగుకూ వద్దు. తాను మాత్రమే చెప్పగల ఒక వివరం ఉందా, దాని నుంచి పుట్టిన ఒక ప్రశ్న ఉందా, ఆ ప్రశ్నకు జవాబు కోసం ఎవరినైనా అడిగాడా, ఏదైనా చదివాడా అన్నవి చూడండి. ఇప్పటికే వచ్చిన వ్యాసాలను ఈ కొలతతో దిద్దడం అన్యాయం, ఎందుకంటే మీరు వాళ్లను అడిగింది వేరు. వాటిని పక్కన పెట్టి, ప్రతి ఒక్కరూ తమ వ్యాసంలో అందరూ రాసిన వాక్యాలను తామే కొట్టేసి, మిగిలినదాన్ని పెంచి మళ్లీ ఇమ్మనండి. కొందరికి ఏమీ మిగలదు. వాళ్లను కూర్చోబెట్టి, "ఆ రోజు చేతులు దేన్ని పట్టుకున్నాయి?" అని అడగడంతో మొదలుపెడితే మాటలు వాటంతటవే వస్తాయి. వీలైతే ఆరు నెలల తర్వాత మార్కులు లేకుండా ఇంకొకసారి ఒకే పేజీ రాయించండి. ఆనాటికి మిగిలినదేదో అదే వాళ్లకు దక్కిన అనుభవం.

ఖాళీ కాగితం ఇచ్చిన అమ్మాయిని మాత్రం ఈ లెక్కలన్నిటిలోంచీ బయట పెట్టండి, సున్నా అసలే వేయవద్దు. గాయపడి చికిత్సకు వచ్చిన అడవి ప్రాణుల్లో బతకనివి చాలా ఉంటాయి. తిరిగి ఎగరలేదని, వేటాడలేదని తేలిన వాటికి నొప్పి తెలియకుండా ప్రాణం తీయవలసి రావడమూ ఉంటుంది. రోజూ ఆ పని చేసేవారికే అది మనసును అలసటకు గురిచేస్తుందని అందరూ ఒప్పుకుంటున్నారు. మొదటిసారి చూసిన అమ్మాయికి దాన్ని రెండు పేజీల్లో, అదీ మార్కుల కోసం, పెట్టవలసిన బాధ్యత లేదు. ఒంటరిగా కలిసి, ఆ పక్షి సంగతి మీకు తెలిసిందని, రాయనక్కరలేదని ముందు చెప్పండి. మాట్లాడాలనుకుంటే వినండి, ధైర్యం తెచ్చుకో వంటి మాటలు అనకండి. ఆ రోజు ఏం జరిగిందో, ఆ పక్షిని ఎందుకు కాపాడలేకపోయారో తెలుసుకోవాలని ఆమె అనుకుంటే ఆ విభాగంలో పనిచేసేవారితో మాట్లాడించండి. తెలియకపోవడం వల్ల కలిగే బాధ ఒక్కోసారి తెలిసినదానికన్నా పెద్దది, ముఖ్యంగా తాను కడిగిన పెట్టె వల్లనో, తాను చేసిన శబ్దం వల్లనో అలా జరిగిందేమోనన్న అనుమానం లోపల ఉంటే. నిద్ర పట్టడం లేదనో, తరగతికి రాబుద్ధి కావడం లేదనో తెలిస్తే మీ కళాశాల కౌన్సెలర్‌కు చెప్పండి. ఆమె చేసిన పనికి మార్కులు వేసేయండి, వ్యాసం గడిని వదిలేయండి. ఇంకోసారి తీసుకువెళ్లేముందు, ఆ విభాగంలో పనిచేయబోయేవారికి అక్కడ ఏం చూడవలసి రావచ్చో చెప్పి, వద్దనే వీలు ఇవ్వడం మీ బాధ్యత.

కృతజ్ఞతల సభలో ఆ అబ్బాయి వ్యాసాన్ని అతని అనుమతి లేకుండా చదవకండి, అతను ఒప్పుకున్నా మొదటిసారి వినడం సభలోనే కాకూడదు. కేంద్రం వారికి ముందుగా విడిగా చూపించండి. వాళ్లు నొచ్చుకుంటారని మీరు భయపడుతున్నారేమో. రోజూ ఆ పనిలో ఉన్నవారికి ఈ సందేహాలు కొత్తవి కావు, విద్యార్థుల నోట వినడమే కొత్త. పొగడ్త వ్యాసాలకన్నా పనికొచ్చే ప్రశ్నలు నాలుగు వాళ్ల ముందు పెట్టడం నిజమైన కృతజ్ఞత అని నా అభిప్రాయం, అయితే సభ మర్యాద ఒకటి ఉంటుంది కాబట్టి నిర్ణయం వాళ్లకే వదలండి.

వచ్చే ఏడాది వెళ్లాలా వద్దా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. కేంద్రం అధికారిని కలిసి, మా వాళ్లు రావడం వల్ల మీకు మిగిలే పనెంత, పెరిగే పనెంత అని సూటిగా అడగండి, రావద్దన్నా మేము నొచ్చుకోమని అడిగేముందే చెప్పండి; లేకపోతే మర్యాద జవాబే వస్తుంది. తరగతి మొత్తం ఒకసారి వెళ్లడం కన్నా, ఇష్టపడి వచ్చే పదిమంది ఏడాది పొడవునా అదే మడికి మళ్లీ మళ్లీ వెళ్లడం ఎక్కువ ఉపయోగమని వాళ్లు చెప్పే అవకాశం ఉంది. అలాగైతే మిగిలిన విద్యార్థులు రాలేకపోయారని బాధపడకండి, ఆ పదిమంది తెచ్చిన నోటుపుస్తకాలతో తరగతిలో చేయవలసిన పని వాళ్లకు చాలినంత ఉంటుంది. పక్షులు గూళ్లు కట్టే నెలల్లో రావద్దంటారు, కలుపు పూతకు రాకముందు రమ్మంటారు. ఆ తేదీలు మీ పరీక్షల పట్టికకు అడ్డు తగలడం ఖాయం. కాబట్టి వాటిని ఇప్పుడే రాయించుకుని, కళాశాల క్యాలెండర్ ఖరారు కాకముందే మీ ప్రిన్సిపాల్ ముందు పెట్టండి.